గీత దిక్కు మైనస్

"పది... ఒకటి పాయింట్ ఆరు. ఇరవై... రెండు పాయింట్ ఏడు."

మూసిన తలుపు వెనక నుంచి ముందు అంకెలే వినిపించాయి, సెకండ్లు, వాటి వెంట వోల్టులు. వాటిని వినడానికే వరండాలో గాలి ఆగినట్టుంది. తలుపుకు అవతల, చెన్నూరు దిక్కున ఉన్న ఆ జూనియర్ కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో, బల్ల చుట్టూ పదకొండు మంది పిల్లలు. వాళ్ళ నడుమ లెక్చరర్ రోజారాణి. ఆమె చూపు మీటరు మీద లేదు. కిటికీ పక్కన నిలబడి తాళంచెవిని వేలికి తిప్పుకుంటున్న ప్రిన్సిపాల్ లింగమూర్తి మీద ఉంది.

ఆ తాళంచెవి ఏడాదిగా ఆయన జేబులోనే ఉంది.

రోజారాణి పుట్టింది కరీంనగర్ వైపు, సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిచే ఇంట్లో. తండ్రి రాయమల్లు బట్ట నేసేవాడు, సాంచాల మోటార్లూ తనే బాగుచేసుకునేవాడు. మోటారుకు కండెన్సర్ బిగిస్తుంటే ఆమె టార్చ్ పట్టుకునేది.

"ఏ వైరు ఎటు బాపూ?"

"దీనికి ఉల్టా సీదా లేదు బిడ్డా. ఎటు పెట్టినా నడుస్తది."

సాంచాల హోరులో విన్న ఆ మాట ఆమె వేళ్ళలోకి దిగి అక్కడే ఉండిపోయింది. నిరుడు ఇదే బల్ల మీద, పిల్లలతో మాట్లాడుతూ, ఆ వేళ్ళే ల్యాబ్ కండెన్సర్, అంటే కెపాసిటర్‌కు వైర్లు కలిపాయి. దీనికి ఉల్టా సీదా ఉంది. ఒంటి మీద తెల్లగీత ఉన్న దిక్కు మైనస్. అటు ప్లస్ వెళ్ళింది. ఫట్‌మని పేలి, కాగితపు పీచు గదంతా మంచులా రాలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

"పిల్లలు చేసిన్రా?" అని లింగమూర్తి అడిగాడు.

"నేనే చేసిన సార్."

ల్యాబ్‌కు తాళం పడింది. అప్పటినుంచి పిల్లలు సీనియర్ల రికార్డులు చూసి రీడింగులు ఎక్కించుకుంటున్నారు. ఇవాళ ఒక్క అవకాశం. ప్రయోగం కుదరకపోతే ఈ గది పరీక్ష కాగితాల గోదాం అవుతుంది.

"నూట ఇరవై... నాలుగు పాయింట్ ఎనిమిది. నూట ముప్పై... నాలుగు పాయింట్ ఎనిమిది."

బ్యాటరీ తొమ్మిది వోల్టులది. అంకె సగం దారిలో నిలబడిపోయింది.

"ఆగిపాయె గదా మేడం," అన్నాడు లింగమూర్తి.

కెపాసిటర్ గీత గోడ వైపు తిరిగి ఉంది, కనిపించడం లేదు. ఉల్టా కలిపితే ఇలాగే ఆగుతుంది. నడుమ రెసిస్టర్ ఉంది కాబట్టి పేలదు, అంతే. ఏడాది అల్మారాలో పడి ఉన్నదైనా ఇలాగే ఆగుతుంది, కానీ కరెంటు తగులుతుంటే మెల్లగా కోలుకుంటుంది. ఇది ఏది?

"నవ్యా, గీత ఏ దిక్కుంది?"

"మైనస్ దిక్కే మేడం. రెండుసార్లు చూసిన. మీ లెక్క ఉల్టా పెట్టలే," అంది వైర్లు కలిపిన నవ్యశ్రీ.

పిల్లలు నవ్వు బిగబట్టారు. రోజారాణి వైర్లు ముట్టలేదు.

"జర ఆగుండ్రి సార్. పండుకున్నది, లేస్తది."

"ఎప్పుడు లేస్తది?"

"తెల్వది సార్."

ఎండ బల్ల మీద ఒక జానెడు జరిగింది. "నాలుగు పాయింట్ తొమ్మిది," అంది నవ్యశ్రీ, నిద్రపోయే పసిబిడ్డ పక్కన మాట్లాడినట్టు. అరగంటకు అంకె ఎనిమిది పాయింట్ రెండుకు చేరి నిలిచింది.

లింగమూర్తి గొంతు తగ్గించాడు. "పుస్తకంల తొమ్మిదున్నది. తొమ్మిదే రాయించుండ్రి, సంతకం పెడ్త. తాళం తీస్కోండ్రి."

చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో ఉంది తాళంచెవి.

"చూసిందే రాస్తరు సార్. తొమ్మిది రాసుడైతే ల్యాబెందుకు, పాత రికార్డులు లేవా?"

ఆయన తాళంచెవి తిప్పడం ఆపాడు.

"నిరుడు పేలింది గూడ రికార్డుల రాసిన్రా?"

"రాసిన. నా పేరుతోనే."

ఆయన తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఈ సంగతి రాసుకుందామని వెళ్ళిన నాకు ఆమె చెప్పిన రోజు కూడా ల్యాబ్‌లో ఒక కెపాసిటర్ వోల్టులు నెమ్మదిగా దిగుతూ ఉన్నాయి. నేను సెలవు తీసుకుని లేస్తూ దాని పక్కన బల్ల మీద చెయ్యి ఆనించబోతే, ఆమె చప్పున అడ్డం వచ్చింది.

"దాన్ని ముట్టకుండ్రి సార్, పిల్లల రీడింగ్ ఖరాబైతది. ఇంకా ఖాళీ కాలే."