టీచరుగారు రోజూ వెళ్ళిన ఇల్లు

మా ఎదురు ఫ్లాట్ టీచరుగారు పోయారు. మొన్న పొద్దున నేను ఆఫీసులో మీటింగులో ఉండగా మావారు ఫోన్ చేసి చెప్పారు. షేర్ ఆటో కోసం రోడ్డు పక్కన నిలబడ్డావిడ అక్కడే కూలిపోయారట. దవాఖానకు తీసుకెళ్ళేలోపే అయిపోయిందట. ఎక్కడికి బయల్దేరారో మావారికి తెలియదు. నాకు తెలుసు. నానక్‌రామ్‌గూడలో మంచాన పడ్డ ఒక మనిషి ఆవిడ కోసం ఎదురుచూస్తూ ఉంటాడు. మీటింగులో ఎవరో నన్నేదో అడిగారు. ఏం చెప్పానో గుర్తులేదు.

మీలో చాలామందికి ఆవిడ తెలియదు. సర్కారు బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. భర్త ఎప్పుడో పోయారు. ఒక్కడే కొడుకు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కొత్తగూడలోని మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో అంటించిన నోటీసుల్లో అక్షరదోషాలు కనబడితే ఎర్రపెన్నుతో దిద్దేవారు. బట్టలారేస్తూ చర్చి పాటలు పాడేవారు. శ్రుతి ఎన్నడూ కుదిరేది కాదు. మా అమ్మకు ఆపరేషనైన రోజు నా పక్కనే కూర్చుని, "ఫికర్ చెయ్యకు బిడ్డా. దేవుడున్నడు, ఆయనే చూసుకుంటడు" అన్నారు. ఆ మాట పట్టుకునే ఆ రోజు గడిపాను.

తర్వాత వాళ్ళబ్బాయి కారు ప్రమాదం జరిగింది. ఒక సాయంత్రం తాగి నడుపుతూ, రోడ్డు పక్కన ఆపుకున్న ఆటో అద్దం తుడుచుకుంటున్న డ్రైవర్‌ని గుద్దేశాడు. ఆయన ప్రాణం దక్కింది కానీ నడుము కింద చచ్చుబడిపోయింది, మంచం మీదే ఉండి వీపుకి పుండు పడింది. కేసు ఇంకా కోర్టులోనే ఉంది.

కొన్నాళ్ళు ఆ అబ్బాయి తిండి, నిద్ర మానేశాడు. మెల్లగా ప్రార్థనలో పడ్డాడు, కోలుకున్నాడు. ఒకరోజు నేను కరివేపాకు కోసం వాళ్ళింటికి వెళ్తే తల్లితో చెబుతున్నాడు.

"దేవుడు నన్ను క్షమించిండమ్మా. మనసు తేలికయింది."

"సంతోషం నాయనా. ఆ ఆటో ఆయన లేచి నడుస్తుండా మరి?"

"అది దేవుడే చూసుకుంటడు."

ఆవిడ నాకు కరివేపాకు తుంచి ఇచ్చారు. మర్నాడు మా ఇంటికొచ్చి, ఇచ్చిన టీ తాగకుండా అన్నారు: "ఇన్నేళ్ళు అందరికీ ఇదే మాట చెప్పిన. మా వాని నోట్ల వింటే సిగ్గయింది. దేవుడు క్షమించిండు, కాదనను. కానీ ఆయన వీపు మీది పుండు ఎవరు కడగాలె బిడ్డా?"

అప్పటినుంచి నానక్‌రామ్‌గూడలోని వాళ్ళింటికి వెళ్ళడం మొదలుపెట్టారు. ఆ డ్రైవర్ భార్య ముఖం మీదే తలుపు వేసేది. ఈవిడ గడప బయట కూర్చుని, ఎండ ముదిరాక తిరిగొచ్చేవారు. ఒకనాడు ఆ ఇల్లాలికి జ్వరమొచ్చి లేవలేకపోతే తలుపు తెరుచుకుంది. ఇక రోజూ అదే పని: పుండు కడగడం, పక్క మార్చడం, అన్నం తినిపించడం.

"తప్పు మీది కాదు కదండీ. ఇంత ప్రార్థన చేసే మీకు ఆ కాస్త శాంతి లేకపోవడమేంటి?" అని ఒకసారి అడిగాను.

"నా ఇల్లు, నా కొడుకు, అంతే నా బాధ్యత అనుకున్నన్ని రోజులు మంచిగనే నిద్రపోయిన. ఇప్పుడు ప్రార్థనకు కండ్లు మూస్తే ఆయన మంచమే కనబడ్తది. దేవుని దగ్గరికి పోయినకొద్ది బరువు తగ్గుతదనుకున్న. పెరుగుతున్నది."

ఈ మధ్య ఆ పుండు ఎముకదాకా దిగింది. ఓ మధ్యాహ్నం అక్కణ్ణుంచి వచ్చి, మేడమెట్ల మీదే కూలబడ్డారు. "నాతోని ఐతలేదు" అని రెండు చేతుల్లో ముఖం దాచుకున్నారు. "ఒక్కసారి రారా అని మా వాణ్ని రోజూ అడుగుతున్న. వాళ్ళ ముఖం చూడలేనంటడు. నేను పోయినంక ఆయనకు ఎవరు?" నా చెయ్యి పట్టుకుని, "నువ్వన్న పోయి..." అని ఆగిపోయారు. "వద్దులే. నీ మీద పెట్టి నేను తప్పించుకున్నట్టయితది." చెయ్యి మాత్రం వదల్లేదు. అంత గట్టిగా నన్నెవరూ పట్టుకోలేదు.

సమాధి దగ్గర పాస్టరుగారు, ఆవిడ విశ్రాంతిలోకి వెళ్ళారన్నారు. ఆవిడకు విశ్రాంతి దొరుకుతుందని నాకు నమ్మకం లేదు. ఆవిడ పుణ్యమా అని నా ప్రార్థన కూడా మారింది. ఇది ఇవ్వు, అది ఇవ్వు అని అడగలేకపోతున్నాను.

మర్నాడు సెలవు పెట్టి నానక్‌రామ్‌గూడ బయల్దేరాను. వాళ్ళబ్బాయికి చెప్పాను. నేను ఆటో ఎక్కేసరికి వచ్చి పక్కన కూర్చున్నాడు.

ఆవిడ పోయిన సంగతి డ్రైవర్ భార్యకు అప్పటికే తెలుసు, ఆయనకే ఇంకా చెప్పలేదు. ఆవిడ వచ్చే వేళకు అలవాటుగా నీళ్ళు కాచి, ఆయన్ని గోడవైపు తిప్పి పడుకోబెట్టి ఉంచింది. ఆ వీపు చూసి అబ్బాయి ద్వారబంధం పట్టుకుని నిలబడిపోయాడు. లోపలికి రాలేడు. వెనక్కీ పోలేడు.

"టీచరమ్మా, రెండ్రోజుల సంది రాలేదేంది? పాణం మంచిగ లేదా?" అన్నాడు ఆయన.

భార్య నా వంక చూసింది. నేను ఆ అబ్బాయి వంక చూశాను. బేసిన్‌లో నీళ్ళు పొగలు కక్కుతున్నాయి.

"ఎవరొచ్చిండ్రు?" గోడవైపే చూస్తూ ఆయన మళ్ళీ అడిగాడు.