జీతం వద్దన్న మా ఇంటిగలావిడ

మా ఇంటిగలావిడ పోయారు. పోయిన నెల ఒక ఉదయం నేను ఆఫీసుకు బయలుదేరుతుంటే ఆమె కూతురు ఫోన్ చేసింది. "నిద్రలోనే వెళ్ళిపోయింది, బాధపడలేదు" అంది. చివరి క్షణం సంగతి నిజమే కావచ్చు. కానీ ఒక విషయానికి ఆమె ఏళ్ళ తరబడి బాధపడుతూనే ఉన్నారని నాకూ తెలుసు, ఆ అమ్మాయికీ తెలుసు.

అమెరికా వచ్చిన కొత్తలో మిడ్‌వెస్ట్‌లోని ఒక రాష్ట్ర రాజధానిలో, ఆమె ఇంటి మేడమీద వాటాలో ఐదేళ్ళు అద్దెకున్నాం. మావారు యూనివర్సిటీలో పిహెచ్.డి. చేస్తుండేవారు. నాకు రాష్ట్ర ఆరోగ్యశాఖ ల్యాబ్‌లో ఉద్యోగం. ఊళ్ళ నుంచి వచ్చే మంచినీళ్ళ శాంపిళ్ళు పరీక్ష చేసేదాన్ని. ఆమె రాష్ట్ర శాసనసభ సభ్యురాలు. అంతకుముందు బడిపంతులమ్మ. భర్త పళ్ళ డాక్టరు, ఇల్లూ వాకిలీ అమర్చిపెట్టి పోయారు.

ఏదైనా బిల్లు ఓటుకు వస్తోందంటే నన్ను కిందికి పిలిచి, వరండాలో కూర్చోబెట్టి చదివి వినిపించేవారు. మధ్యలో ఆపి, "అర్థమైందా?" అని అడిగేవారు. కాలేదంటే పెన్సిలుతో ఆ వాక్యం కింద గీత గీసేవారు. "నువ్వు ఇంగ్లీషు కష్టపడి నేర్చుకున్నదానివి. నీకు అర్థం కాలేదంటే తప్పు రాసినవాళ్ళది" అనేవారు. కొత్త దేశంలో నా అజ్ఞానానికి అంత మర్యాద ఇచ్చినవాళ్ళు ఇంకెవరూ లేరు. ఆవకాయ ఆమెకు మహా ఇష్టం. వెన్న రాసిన రొట్టె మీద పూసుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ తినేవారు.

ఒక ఏడాది సభలో బడ్జెట్ పాస్ కాలేదు. జూలైలోగా అది పాస్ కాకపోతే అక్కడ ప్రభుత్వ ఆఫీసులు మూసేస్తారు, సభ్యుల జీతాలు మాత్రం ఆగవు. జూలై మొదట్లో మా సూపర్‌వైజర్ అందర్నీ పిలిచి, ప్రభుత్వం మూతపడింది, మళ్ళీ చెప్పేదాకా రావద్దు, జీతం ఉండదు అన్నాడు. శాంపిళ్ళు ఫ్రిజ్‌లోనే వదిలేసి ఇంటికొచ్చేశాం.

మూడోరోజు పొద్దున మావారు పేపర్ పట్టుకుని మెట్లు ఎక్కి వచ్చారు. "చూశావా, మనావిడ జీతం వద్దన్నారట! ఆఫీసులు ఓపెన్ చేసేదాకా చెక్కు తీసుకోరట. ఫ్రంట్ పేజీలో ఫోటో!"

నేను పులిహోర చేసి పట్టుకెళ్ళాను. ఆమె సిగ్గుపడ్డారు. "నీకు లేని జీతం నాకెందుకు?" అన్నారు. ఆ మాటకు నాకు కళ్ళు చెమర్చాయి. మర్నాడు మూతపడ్డ మా ల్యాబ్ ముందు నిరసనకు వెళ్తే, అక్కడ ఒక విలేకరి అడిగితే గర్వంగా చెప్పాను: "మా ఇంటిగలావిడ చేసింది అందరూ చెయ్యాలి. చెయ్యనివాళ్ళకి మా బాధ తెలియదు." అచ్చు అలాగే వేశారు.

ఒక్కొక్కరే జీతం వదులుకోసాగారు. వదులుకోనివాళ్ళ పేర్లు రోజూ పేపర్లో పడేవి. రెండువారాలు గడిచేసరికి ఒకే పేరు మిగిలింది. గనులున్న ప్రాంతం నుంచి గెలిచినాయన. అక్కడ సభ ఏడాదిలో కొన్ని నెలలే, జీతమూ కొద్దిపాటిదే కాబట్టి మిగతా రోజుల్లో స్కూలు బస్సు నడిపేవాడు. వేసవిలో బళ్ళుండవు కాబట్టి బస్సు జీతమూ ఉండదు. భార్య జబ్బుమనిషి.

ఒక మధ్యాహ్నం ఆయన మా వరండాకి వచ్చాడు. నేను టీ తీసుకెళ్ళాను.

"నీ జీతం నువ్వు తీసుకో. వదులుకోమని నిన్నెవరూ అడగలేదుగా" అంటున్నారు ఆమె.

"మీరే అడిగారు, ఆ ఫోటోతో" అన్నాడాయన. గొంతులో కోపం లేదు. నా వైపు చూసి, "పేపర్లో మాట్లాడింది మీరే కదూ? మీరన్నదాంట్లో తప్పేం లేదండీ" అన్నాడు.

కప్పులు బల్లమీద పెట్టి మెట్లెక్కి వచ్చేశాను. మర్నాడు ఆయన కూడా జీతం వదులుకున్నాడు.

ఇంకో మూడువారాలకు ఆఫీసులు తెరిచారు. ఆగిన జీతాలు మాకు ఇచ్చేశారు. వదులుకున్నవాళ్ళకు మాత్రం తిరిగి రాలేదు. వచ్చే ఎన్నికల్లో నిలబడనని ఆయన ప్రకటించాడు. ఆ మాట విని ఆమె నన్ను తోడు రమ్మని, రెండుగంటలు డ్రైవ్ చేసుకుని వాళ్ళ ఊరెళ్ళారు. ఇల్లంతా అట్టపెట్టెలు. దక్షిణాన ఎక్కడో బావమరిది లారీల కంపెనీలో పని దొరికిందట.

"తప్పు నాది. నిలబడు, నీకోసం నేను ఇంటింటికీ తిరుగుతాను" అన్నారామె.

ఆయన చేతిలోని టేపు పక్కన పెట్టాడు. "మీరు చెడ్డపని చెయ్యలేదు. మంచిపని చేసే స్తోమత నాకు లేదు, అంతే" అన్నాడు.

తిరుగుదారిలో సగం దూరం వచ్చాక నేనే, "నేనూ అన్నాను కదండీ ఆ మాట" అన్నాను.

"నువ్వు జీతం పోయినదానివి, అనొచ్చు. నేను అది లేకపోయినా గడిచేదాన్ని" అన్నారు.

ఆయన సీటు కార్ల వ్యాపారి ఒకాయనకు దక్కింది. మొదటిరోజు నుంచే జీతం ముట్టనని ప్రకటిస్తే జనం మురిసిపోయారు. ఆమె మాత్రం, "జీతం అక్కర్లేనివాళ్ళే సభలో మిగిలితే, జీతం ఆగితే ఇంట్లో ఏమవుతుందో చెప్పేవాళ్ళెవరు?" అని పేపరుకు ఉత్తరం రాశారు. తాను చేసింది తొందరపాటని కూడా రాశారు. లోపలి పేజీలో ఎక్కడో వేశారు. పార్టీవాళ్ళు కోప్పడ్డారు. చదివినవాళ్ళు తక్కువ, గుర్తుపెట్టుకున్నవాళ్ళు అసలు లేరు. ఫోటో మాత్రం అందరికీ గుర్తుంది.

మేం ఊరు మారాక కూడా ఆమె క్రిస్మస్‌కి ఉత్తరం రాసేవారు. ఆ బస్సు నడిపినాయన చిరునామా దొరికిందనీ, రాశాననీ, జవాబు రాలేదనీ ఒకసారి రాశారు. తర్వాత ఆ ఊసెత్తలేదు. నేనూ అడగలేదు. అడిగి ఉండాల్సింది.

చర్చిలో అంత్యక్రియలకు మేమిద్దరం వెళ్ళాం. సభలో ఆమెతో కలిసి పనిచేసిన పెద్దాయన లేచి, పేదల కష్టం తన కష్టంగా భావించి జీతం వదులుకున్న త్యాగమూర్తి అన్నారు. చర్చిలో చప్పట్లు కొట్టరు. అయినా ఎవరో మొదలుపెట్టారు, హాలంతా అందుకుంది. మావారు నా వైపు చూశారు. నా చేతులు లేవలేదు.

ముందు వరుసలో ఆమె కూతురు తల వంచుకుని కూర్చుంది. బూట్లకు అంటిన మంచు కరిగి నేలమీద చిన్న మడుగు కట్టింది. చప్పట్లు ఆగేదాకా ఆ అమ్మాయి ఆ నీళ్ళనే చూస్తూ ఉంది.