ముక్కుపొడుం అంటిన మిరప చేను

1985 వేసవిలో నన్ను తెగుళ్ల విభాగంలో సహాయ శాస్త్రవేత్తగా ఒంగోలు వ్యవసాయ పరిశోధన కేంద్రానికి వేశారు. పొలాల వెంట తిరిగే ఉద్యోగం కాబట్టి రెండేళ్ల పాపను పొన్నూరులో మా అమ్మ దగ్గర ఉంచాను. ఉద్యోగం నేను కోరి తెచ్చుకున్నదే. పాప మీద బెంగ మాత్రం నాతోపాటే బస్సెక్కేది.

ఆ ఏడు చలికాలంలో అద్దంకి దగ్గరి పల్లె నుంచి సువార్తమ్మ గారు వచ్చారు. మిషన్ బడిలో టీచరుగా చేసి రిటైరై, అరెకరంలో మిరప వేశారు. వాళ్లమ్మ ఇచ్చిన పాత రకం అది, ఇంకెవరి దగ్గరా లేదు. ఉన్న గింజలన్నీ ఆ ఏడే చల్లేశారట. ఇప్పుడు ఆకులన్నీ పసుపు మచ్చలు పడి ముడుచుకున్నాయి. అలాంటి మొక్కలను పీకి కాల్చాలన్నది మా విభాగం నియమం.

"పీకమంటే పీకుతానమ్మా. మా అమ్మ విత్తనం మళ్లీ ఎక్కడ తేను?" అన్నారు.

చేనుకు వెళ్లాను. మాట్లాడుతూనే ఆవిడ ముక్కుపొడుం పట్టించి, అదే వేళ్లతో మొక్క సరిచేశారు. తెగులు ఎలా వచ్చిందో నాకు అక్కడే అర్థమైంది. పొగాకులో ఉండే మొజాయిక్ వైరస్ ఆకు ఎండినా, పొడి అయినా చావదు. నారు పలచన చేసినదీ ఆ వేళ్లే. సంగతి చెబితే, "మా ఆయన జీవితమంతా పోరినా మానలేదు, ఈ మిరప మాన్పించేట్టుంది" అన్నారు.

ఈ వైరస్ తగిలిన చోటల్లా మచ్చ పడే అడవి పొగాకును మా కేంద్రంలో పెంచుతాం. మిరపాకు రసాన్ని దాని ఆకుపై రుద్దితే మచ్చలు తేలాయి. వైరస్ ఖాయమైంది.

మొక్కలో కణానికీ కణానికీ మధ్య గోడ ఉంటుంది. ఆ గోడల్లో అతి సన్నని దారులుంటాయి, వాటిని ప్లాస్మోడెస్మేటా అంటాం. ఇరుగుపొరుగు కణాలు ఆహారం, కబుర్లు ఇచ్చిపుచ్చుకునేది వాటిలోంచే. వైరస్ కూడా ఆ దారినే పట్టి మొక్కంతా పాకుతుంది. కానీ తల్లి మొక్కకూ గింజలోని పిండానికీ మధ్య ఆ దారి ఉండదు. అందువల్ల ఈ వైరస్ సాధారణంగా గింజ తొక్క దగ్గరే ఆగిపోతుంది.

ఆ ఆధారంతో మా సీనియర్‌ను అడిగి, మూలనున్న ఒక్క సాలు మిగిలించి తక్కినవి పీకించాను. ఆ సాలు జోలికి ముక్కుపొడుం చేతులు రాకూడదన్నది ఆయన షరతు.

"దారే లేకపోతే తల్లి తిండి బిడ్డకెలా చేరుతుందమ్మా?" అని టీచరు గారు అడిగారు.

"తల్లి గడప దాకా తెచ్చి వదులుతుందండీ. బిడ్డ తనే తీసుకుంటుంది" అన్నాను.

ఆ ఆదివారం పొన్నూరు వెళ్లాను. పాప మా అమ్మను 'అమ్మా' అనేది, నన్ను చూసి ఆవిడ కొంగు చాటుకు పోయింది. ఎత్తుకోవాలనిపించినా ఆగాను. తెచ్చిన బిస్కెట్లు గడప మీద పెట్టి వెనక్కి జరిగితేనే వచ్చి తీసుకుంది.

పండిన కాయల గింజలను, తొక్క మీది వైరస్‌ను చంపే ట్రైసోడియం ఫాస్ఫేట్ ద్రావణంలో నానబెట్టి, కడిగి, ఆరబెట్టాం. మరుసటి ఏడు నారు రసం రుద్దితే అడవి పొగాకు ఆకుపై ఒక్క మచ్చా రాలేదు. టీచరు గారి విత్తనం నిలిచింది.

ఆ తర్వాత రైతులకు రెండు మాటలు చెబుతూ వచ్చాను. మొజాయిక్ సోకిన మిరపలో విత్తనం పోయినట్టే అనుకోవద్దు, తొక్క శుద్ధి చేసి చూడండి. దారి లేదు కాబట్టి తల్లి నుంచి ఏమీ అందలేదనీ అనుకోవద్దు.