గుండ్రటి గొర్రెల కొట్టం

మాది సూర్యాపేట. రైలెక్కాలంటే ముందు బస్సెక్కాల్సిన ఊరు. అందుకే రైల్వేలో చేసి రిటైరైన మామయ్య ఉన్న ఇంటికి నేను కోడలిగా పోతుంటే మా పుట్టింటోళ్లు ఊరంతా చెప్పుకున్నారు. తీరా నేరేడుచర్ల దగ్గర ఆ ఇంటికొచ్చి చూస్తే, వాకిట్లో రైలు కాదు, గొర్రెల మంద.

మామయ్య పనిచేసింది ఒక జంక్షన్‌లో, బొగ్గింజన్లను పెట్టే గుండ్రటి షెడ్డులో. చుట్టూ గదులు, నడుమ పట్టాలున్న తిరుగుడు బల్ల. ఇంజన్ బల్ల మీదికొస్తే మనుషులే తోసి, ఏ గదికి కావాలంటే ఆ గదికి మళ్లించేవారట. తర్వాత వచ్చిన డీజిల్ ఇంజన్లకు ఎటు పోవాలన్నా ఒకటే, వాటిని తిప్పే పని లేదు. షెడ్డును కూలగొట్టేశారు. ఇదంతా నాకు కంఠతా వచ్చు. అన్నం వడ్డించిన ప్రతిసారీ వినాల్సిందే కదా!

అత్తమ్మ మాత్రం మూతి తిప్పేది. "సూపిస్త సూపిస్త అనుకుంటనే నౌకరీ ఖతం జేసిండు. షెడ్డు ఉండెనో లేదో, ఎవలు సూసిన్రు?" ఆ మాటకు ఆయన ముఖం చిన్నబోయేది. నాకు పాపమనిపించేది.

గొర్రెలకు కొత్త కొట్టం వేయాల్సి వచ్చినప్పుడు మామయ్య పట్టుబట్టి గుండ్రంగా కట్టించాడు. చుట్టూ తడికల గదులు. నడుమ, మిర్యాలగూడలో కొనుక్కొచ్చిన పాత లారీ చక్రం మీద చెక్క బల్ల. ఒక్కో గొర్రెను ఎక్కించి, తిప్పి, దాని గదికి పంపుతాడట. తాతల నాటి నుంచి గొర్రెలు కాసిన ఇంట్లో పుట్టిన మనిషికి రావలసిన ఆలోచనేనా ఇది?

మొదటి సాయంత్రం పొట్టేలును బల్లెక్కించి, చెమటలు కక్కుతూ ఎదురు గదికి తిప్పాడు. అది ఒక్క దూకు దూకి పక్క గదిలో దూరింది. దాని వెనకే మంద మొత్తం ఆ ఒక్క గదిలోకే. తడిక ఫెళ్లున విరిగింది. మిగతా గదులన్నీ ఖాళీ.

"ఇంజన్లే నయం. చెప్పినట్టు ఇంటుండె," అన్నాడు మామయ్య.

నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. అత్తమ్మ ఇక ఆయన్ను ఏకి పెడుతుందనుకున్నా. ఆమె కొంగు నడుముకు చెక్కుకుని బల్లెక్కింది.

"ఇగ తిప్పు. గా షెడ్డుల ఏం జేస్తుంటివో సూస్త."

ఆయన భుజం ఆనించి తోశాడు. బల్ల కిర్రుమంటూ కదిలింది. అత్తమ్మ రెండు చేతులూ చాపి, పడిపోకుండా నిలబడి, గదులన్నీ ఒక్కొక్కటే చూసింది. ఒక చుట్టు అయ్యాక ఆయన రొప్పుతూ, "సూసినవ్ గద, ఇగ దిగు," అన్నాడు.

"గప్పుడేనా? ఇన్నేండ్లు ఆగిన. ఇంకో సుట్టు తిప్పు," అంది అత్తమ్మ.