అక్క డ్రిల్లు, దసరా బొట్టు

మా అక్క అమీర్‌పేట హాస్టళ్ళ కిటికీలకు దోమతెరలు బిగిస్తుంది. రేపు పొద్దున్నే ఒక పెద్ద హాస్టల్లో పని మొదలు. సరిగ్గా ఇవాళే తన డ్రిల్లు బ్యాటరీ చచ్చిపోయింది. కిటికీల దగ్గర ప్లగ్గులుండవు, అది లేకపోతే పని లేదు. ఇద్దరం పంజాగుట్టలో పనిముట్ల దుకాణానికి పరుగెత్తాం.

"ఎన్ని వోల్టులది?" అన్నాడు దుకాణం భాయ్. చూస్తే, డ్రిల్లు మీద అంకె ఉండాల్సిన చోట దసరాకు పెట్టిన పసుపూ కుంకుమా పేరుకుపోయి ఉన్నాయి. నాకు ఒళ్ళు మండింది. యంత్రానికి పూజేంటి, మన కష్టాన్ని దేవుడి ఖాతాలో వేయడమేంటి అని దుకాణంలో అందరూ వినేలా ఉపన్యాసం దంచాను.

అక్క చల్లగా అంది: "పోయిన దసరాకు నేను జరమొచ్చి పండుకుంటే, గా బొట్టు పెట్టింది నువ్వే గదరా!"

భాయ్ నవ్వాపుకుంటూ గోరుతో గీకాడు. పద్దెనిమిది బయటపడింది. "ఇది పాత రకం అక్కా. కొత్త బ్యాటరీ తీసుకుంటే చార్జర్ సుత మార్చాలె. పాతదాంట్ల పెడితే ఖరాబైతది."

కంపెనీల దోపిడీ గురించి నేను నోరు తెరవబోతే అక్క నా చెయ్యి గట్టిగా నొక్కి, రెండూ కొనేసింది. కొత్త బ్యాటరీ టక్కున కూర్చుంది, డ్రిల్లు గిర్రున తిరిగింది. అప్పుడుగానీ అక్క ముఖంలో నవ్వు రాలేదు.

ఇంటికొచ్చాక కుంకుమ భరిణె నా ముందుకు జరిపింది. దేవుణ్ణి నేను ఇప్పటికీ నమ్మను. బొట్టు మాత్రం పెట్టాను, ఈసారి అంకెకు దూరంగా. నాస్తిక మిత్రులారా, తిట్టాలనుంటే తిట్టండి. ముందు మీ ఇంట్లో మీరు ఎవరి మాట కాదనలేరో చెప్పండి.