పేరు చెబితే తెరుచుకున్న తలుపు

మాట తడబడేవాళ్ళకి మాట నేర్పడం ఆవిడ పని. అందరూ మాటల టీచరనేవారు. దూరాన ఉన్నవాళ్ళ కోసం మేనల్లుడు ఒక వెబ్‌సైట్ చేసిపెట్టాడు. శిష్యులు తమ గొంతు రికార్డు చేసి అందులో పెడితే టీచరు ఒక్కతే వినేది. ఇంకెవరి చెవినా పడదని అందరికీ మాటిచ్చింది. ఆ భరోసా మీదే వాళ్ళు నోరు విప్పారు.

ఒక మధ్యాహ్నం పక్క వాటాలోంచి వదిన, ఆ మేనల్లుడి తల్లి, ఫోను పట్టుకుని వచ్చింది.

"ఏమ్మాయ్, నీ సైటు నన్ను నీ పేరు పెట్టి పలకరిస్తోందేం? నేనంత ముసలిదానిలా ఉన్నానా?"

"నువ్వు నాకన్నా పెద్దదానివే వదినా. ఇలా ఇయ్యి."

వదినకి సొంత మెయిల్ లేదు. కరెంటు బిల్లు మొదలు అన్నిటికీ మరదలి మెయిలే ఇవ్వడం ఆ ఇంట్లో అలవాటు. కొత్త కబుర్ల యాప్‌లోనూ అదే కొట్టింది. అది నీదేనా అని యాప్ ఆరా తీయలేదు. తర్వాత మరదలి సైటెలా ఉందో చూద్దామని, ఆ యాప్‌తో లోపలికి రమ్మనే బటన్ నొక్కింది. తిన్నగా టీచరు ఖాతాలోకి, ఆవిడ కుర్చీలోకే వెళ్ళిపోయింది.

సంగతి విని మేనల్లుడు ఫోన్లో నిట్టూర్చాడు.

"ఆ బటన్ నేను రాసింది కాదత్తా, బయట రెడీమేడ్‌గా దొరికే ముక్క, ప్లగిన్ అంటారు. యాప్ ఏ మెయిల్ చెబితే ఆ మనిషే వచ్చారని నమ్మేస్తుంది."

"అంటే ఎవరైనా నాలా రావచ్చా?"

"నీలాగే కాదు, నీ శిష్యుల్లో ఎవరిలాగైనా. బటన్ తీసేస్తున్నా. అమ్మ తప్ప ఎవరూ దూరినట్టు లేదు. ఎవరికీ చెప్పకు, ఊరికే బెదిరిపోతారు."

టీచరు వదిన వైపు తిరిగింది. "ఏమైనా విన్నావా?"

"ఒక్కటి. ఎవరో బస్సు కండక్టరు, స్టాపుల పేర్లు చదువుతున్నాడు. మధ్యలో ఏడ్చాడు." వదిన గొంతు తగ్గింది. "అక్కడ ఆపేశానమ్మా."

చెబితే ఆ మనిషి మళ్ళీ నోరు మూసుకుంటాడేమో. చెప్పకపోతే, తనిచ్చిన మాట పోయిందని ఇంట్లోవాళ్ళకి తెలుసు, మాట తీసుకున్నవాళ్ళకే తెలియదు.  టీచరు మిగతా శిష్యులందరికీ జరిగింది రాసి పంపింది. కండక్టరుకి మాత్రం ఫోన్ చేసి, దాచకుండా చెప్పింది.



"న... నవ్వారా ఆవిడ?"

"లేదు నాయనా. ఆపేసింది."

అతను తర్వాతి మాట కోసం తంటాలు పడుతున్నాడు. ఎదుటివాళ్ళకి మాట అందించకపోవడం ఆవిడ పద్ధతి. ఆ పూట ఆ పద్ధతి నిలుపుకోవడం కష్టమైంది.

"అ... అది తీసేయండి."

అతను లైన్లో ఉండగానే తీసేసింది. "పోయింది."

"ఇక సై... సైట్లో పెట్టను టీచర్."

"సరే నాయనా." ఇక మానేస్తాడు కాబోలు అనుకుంది.

"డ్యూటీ దిగాక వ... వస్తాను. మీ ఎదురుగానే చదువుతా."

టీచరు ఫోన్ పెట్టేసి, ఎదురు కుర్చీ మీద ఆరేసిన తువ్వాలు తీసి మడతపెట్టింది.