బొమ్మ కన్ను కాదు

మా పిన్నితో బజారుకెళ్తే తెల్లారిపోతుంది. ఏ వస్తువునూ ఊరికే చూడదు. గొడుగు కనిపిస్తే చాలు, "ఇది చేతికర్రలకి చుట్టం" అంటుంది. ప్లాస్టిక్ పూలు కనిపిస్తే, "ఇవీ, పక్షి ఈకలూ, ఆడవాళ్ల సవరాలూ ఒకే గదిలో కాపురం, తెలుసా?" అంటుంది. ఫ్లాస్కుని చేత్తో పట్టుకుని, ఇది గ్లాసులతో కలవదు, దీనికి సొంతిల్లుంది అని చెప్తుంటే కొట్టువాడు నోరు వెళ్లబెట్టి చూస్తాడు. నేను సిగ్గుతో పక్కకి తప్పుకుంటాను.

రేవు పక్కన, కస్టమ్స్ నుంచి సరుకు విడిపించే క్లియరింగ్ ఆఫీసులో ఆమె ఉద్యోగం. పై దేశాల నుంచి వచ్చే ప్రతి సరుకుకీ అంకెలతో ఒక కోడ్ ఉంటుంది. దాని మీద సుంకం ఎంత పడాలో, అసలు పడాలో వద్దో ఆ కోడే తేలుస్తుంది. వచ్చిన వస్తువు ఏమిటో చూసి దానికి తగిన కోడ్ రాయడం పిన్ని పని. పెట్టె మీది పేరు చూసి రాయదు. వస్తువు చేతికి రావాలి. వేళ్లతో తడుముతుంది, తిరగేస్తుంది, వాసన చూస్తుంది. "దేనికి పుట్టావు నువ్వు?" అని దాన్నే అడుగుతుంది. ఆఫీసులో అందరూ అంకెలమ్మ అని పిలుస్తారు. ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే పలుకుతుంది కూడా.

ఆ కోడ్ల పుస్తకం ప్రాణమున్న గుర్రంతో మొదలై, నూరేళ్లు దాటిన పాత సామాన్లతో ముగుస్తుంది. మధ్యలో లోకమంతా ఉంది. నేను నమ్మక ఒకసారి పరీక్ష పెట్టాను. దర్జీ కొట్టు ముందు నిలబెట్టే బొమ్మ? ఉంది. జిప్పు? ఉంది. ఇక ఉక్రోషం పట్టలేక, "ఇంకా ఎవరూ కనిపెట్టని వస్తువుకి?" అన్నాను.

"దానికీ చోటుందే. 'ఇతరములు' అని ఒక గది. వచ్చేవాళ్ల కోసం తలుపు తీసే ఉంచారు" అంది పిన్ని. "మన మాట ఒక్కటి కూడా తెలియనివాడు ఏ దేశంలోనో కూర్చుని ఇదే దువ్వెన చూశాడనుకో, మొదటి అంకెలు నేను రాసినవే రాస్తాడు."

నా ఒళ్లు జలదరించింది. ఆ సంగతి ఆమెకి చెప్పలేదు, చెబితే ఇంకో గంట వాయించేది.

ఇక అక్క విషయం చెప్పాలి. అక్క పనిచేసే మందుల కంపెనీలో సీసా పేలి ఎడమ కన్ను పోయింది. ప్రాణం దక్కిందని అందరం సంతోషించాం, అక్క తప్ప. దుకాణంలో దొరికే పెట్టుడు కన్ను పెట్టి చూశారు. అక్క కళ్లది తేనె రంగు. ఆ నల్లటి కన్ను ఎవరిదో అరువు తెచ్చినట్టు ఉండేది. అద్దంలో చూసుకుని తీసి పారేసింది. ఆ తర్వాత ఇల్లు దాటలేదు. వాకిట్లోకి పాలు తీసుకోవడానికి కూడా అమ్మే వెళ్లాలి.

కృత్రిమ కళ్లు అమర్చే డాక్టరమ్మ ఒక దారి చెప్పింది. పై దేశంలో తరతరాలుగా గాజు కళ్లు చేసే కుటుంబం ఒకటి ఉందనీ, కొలతలూ ఫొటోలూ పంపిస్తే అక్క కుడి కన్నుకి జోడు చేసిస్తారనీ అంది. పంపించాం. నెలల తరబడి ఎదురుచూశాం. చివరికి అది విమానంలో వచ్చింది, కాగితాలు పిన్ని ఆఫీసుకే వచ్చాయి.

పిన్ని మామూలుగా సంతకం పెట్టి ఉంటే సాయంత్రానికల్లా కన్ను ఇంట్లో ఉండేది. ఈ మహాతల్లి ఏం చేసింది? సొంతవాళ్ల సరుకుకి తాను కోడ్ తేల్చకూడదని పెన్ను కింద పెట్టేసింది. పక్క టేబులాయన చేత సంతకం పెట్టించి, పైగా ఆ కాగితానికి ఒక చీటీ గుచ్చింది. 'ఈ సరుకు నా అక్క కూతురిది. గట్టిగా చూడగలరు.' గట్టిగా చూడమని చెప్పాక కస్టమ్స్ వాళ్లు ఊరుకుంటారా? పెట్టె విప్పించారు.

విప్పితే ఏముంది, లోపలి అట్టపెట్టె మీద ఆటబొమ్మల బొమ్మలు. ఆ కుటుంబం మనుషులకే కాదు, ఆటబొమ్మలకీ కళ్లు చేస్తుందట. పొదుపు మనుషులు కదా, బొమ్మ కళ్ల డబ్బాలో మా అక్క కన్ను పెట్టి పంపించారు.

సంగతి తెలిసి నేను కస్టమ్స్ హాలుకి పరుగున వెళ్లేసరికి పరిశీలన అధికారి టేబుల్ ముందు పిన్ని నిలబడి ఉంది. ఆయన చెడ్డవాడేమీ కాదు. మాట మెత్తగానే ఉంది.

"మనిషికి పెట్టే కన్నయితే కృత్రిమ అవయవాల కోడ్, సుంకం లేదు. బొమ్మ కన్నయితే గాజు సామాన్ల కోడ్, సుంకం ఉంది. బొమ్మ కళ్లను మనుషుల కళ్లంటూ దాటించినవాళ్లు ఇదివరకు ఉన్నారమ్మా. డబ్బా చూస్తే అలా ఉంది. ల్యాబుకి పంపక తప్పదు."

"ల్యాబులో ఏం చేస్తారండీ?" అన్నాను.

"నమూనా తీసి పొడి చేసి గాజుని పరీక్షిస్తారు."

"ఉన్నది ఒకటే కదా."

ఆయన డబ్బా మూత పెట్టాడు. "ఒకటే అయితే, అదే నమూనా."

పిన్నిని పక్కకి లాగాను. "సరుకు మనదేగా, బొమ్మ కన్నేనని రాసిచ్చేద్దాం పిన్నీ. ఆ సుంకమేదో కట్టేసి పట్టుకుపోదాం."

"రాసివ్వను."

"ఎందుకివ్వవు? పంతానికి పోయి దాన్ని పొడి చేయిస్తావా?"

"అది బొమ్మ కన్ను కాదు కాబట్టి." పిన్ని మాట మార్చలేదు. "మీ అక్క ముఖంలో పెట్టేదాన్ని బొమ్మదని నా చేత్తో ఎలా రాయనే? రేపు దాని ముఖం ఎలా చూడను?"

నాకు ఒళ్లు మండిపోయింది. వరండాలోకి వెళ్లి అమ్మకి ఫోన్ చేసి, నీ చెల్లెలు కొంప ముంచుతోందని నోటికొచ్చినట్టు అరిచాను. కాసేపటికి ఫోన్లో అక్క గొంతు వినిపించింది.

"పిన్ని ఏమని రాయనంది?"

చెప్పాను.

"పగలగొట్టొద్దని చెప్పు. నేనొస్తున్నా" అంది.

కాలు కాలిన పిల్లిలా గేటు దగ్గర తిరుగుతుంటే కారు ఆగింది. నల్లకళ్లద్దాలు పెట్టుకుని అక్క దిగింది. అమ్మ చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. ఆ హాలునిండా మనుషులు, పెట్టెలు, తోపుడుబళ్లు. అక్క ఎవరినీ తప్పించుకోకుండా నడిచింది. అధికారి టేబుల్ ముందు ఆగి కళ్లద్దాలు తీసేసింది. లైనులో ఉన్నవాళ్ల మాటలు ఆగిపోయాయి.

పిన్ని అడుగు ముందుకు వేయబోయి ఆగి, వెనక్కి వెళ్లి గోడకి ఆనుకుంది. తాను సొంతమనిషినని, ఆ కన్ను తాను పోల్చి చూపించకూడదని. అంత కష్టంలోనూ ఆ నియమం వదల్లేదు. అప్పటిదాకా ఉన్న కోపం నాలో ఎక్కడికి పోయిందో తెలియదు. ఈవిడ ఎలాంటి మనిషి అని అలా చూస్తూ ఉండిపోయాను.

అధికారి గ్లవుజులు వేసుకుని దూదిలోంచి కన్ను తీశాడు. గుండ్రంగా లేదు, పలచటి చిప్పలా ఉంది. వెనక వైపు లోతు. తెల్లభాగంలో వెంట్రుకకన్నా సన్నటి ఎర్రటి నరాలు. తేనె రంగులో, కింది అంచుకి, ఆవగింజలో సగమంత గోధుమరంగు మచ్చ.

"కాస్త వెలుతురులోకి రామ్మా" అన్నాడు.

భూతద్దం పెట్టి అక్క కుడి కన్ను చూశాడు. చేతిలోది చూశాడు. మళ్లీ కుడి కన్ను చూశాడు. అక్క కన్నులోనూ కింది అంచుకి అదే మచ్చ ఉంది. ఇన్నేళ్లు ఒకే మంచం మీద పడుకున్నదాన్ని, నాకు ఆ మచ్చ తెలియదు. ఎక్కడో దూరదేశంలో, అక్కని ఎన్నడూ చూడనివాడు ఫొటోలో దాన్ని పట్టుకుని, మంట ముందు కూర్చుని, కరిగిన గాజుతో ఆ చుక్క పెట్టాడు.

"బొమ్మకి ఎవరూ ఇంత శ్రమ పడరు" అన్నాడు అధికారి, తనలో తాను అనుకున్నట్టు. కుర్చీలో కూర్చుని ల్యాబు కాగితం కొట్టేశాడు. అవయవాల కోడ్ అంకెలు ఒక్కొక్కటీ నిదానంగా వేసి సంతకం చేశాడు. తర్వాత లేచి నిలబడి, రెండు చేతులతో డబ్బా అక్కకి అందించాడు.

అక్క మూత తీసి చూసింది. కన్ను ఆమెనే చూస్తోంది. అక్క ముఖమంతా తడిసిపోయింది. కన్ను లేని వైపు నుంచి కూడా నీళ్లొస్తాయని నాకు అప్పటిదాకా తెలియదు.

అప్పుడు గోడ వదిలి వచ్చింది పిన్ని. చీరకొంగుతో ముందు ఆ వైపే తుడిచింది.